పల్లికాయ మిల్లులో పిల్లల్ని చూసిన మహమూదా

మా వనపర్తిలో మహమూదా పెద్దమ్మ పేరెత్తితే పాతకాలపు ఆడవాళ్లు చేతులు జోడిస్తారు. దేవత అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. దేవతను చేసి కూర్చోబెడితే ఆ మనిషి పడ్డ బాధా లెక్కలోకి రాదు, చేసిన తప్పూ లెక్కలోకి రాదు. నేను ఆమె చేతుల్లో పెరిగినదాన్ని. మా అమ్మ సాయమ్మ మిల్లులో ఆమె పక్కన కూర్చుని పనిచేసింది. మా అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మెరుగులు కావలసినవాళ్లు తర్వాత పెట్టుకోండి.

పంతొమ్మిదివందల ముప్పైల చివరి సంవత్సరాల మాట. ఊరి బయట పల్లికాయ మిల్లు పెట్టిన కొత్తలు. గోపాల్‌పేట నుంచి, తెలకపల్లి దిక్కు నుంచి కాయ బండ్లు వచ్చి గేటు ముందు బారులు తీరేవి. ఒకపక్క కాయ కొట్టే మిషను గడగడమని తిరుగుతుంటే, ఇంకోపక్క రేకుల కొట్టంలో ఆడవాళ్లు వరసగా కూర్చుని చాటలతో పొట్టు చెరిగి గింజ ఏరేవారు. ఆ వరసను సాలు అనేవారు. చేను ఎండిపోయిన ఇళ్లవాళ్లు, చిన్న దుకాణం పెట్టి నడవక మూసేసినవాళ్లు, హిందువులు, ముస్లిములు, అందరూ ఆ సాలులో చోటు కోసం గేటు దగ్గర పడిగాపులు పడేవారు. మా నాయనది కౌలు చేను. ఆ ఏడు చేలో విత్తనం కూడా తిరిగి రాలేదు, అందుకని మా అమ్మ అక్కడికి పోయింది.

చంటిపిల్లలున్న తల్లులు పిల్లల్ని చంకనేసుకునే వచ్చేవారు. కానీ మిల్లు లెక్కలు చూసే మున్షీ అనంతయ్య వాళ్లను కొట్టంలోకి రానిచ్చేవాడు కాదు. వెనక వసారాలో గోనెసంచులు పరిచి పిల్లల్ని వరసగా పడుకోబెట్టి తల్లులు లోపలికి పోవాలి. ఒకసారి సాలులో కూర్చున్నాక పొద్దుగూకేదాకా లేవకూడదు. లేస్తే ఆ చాట ఇంకొకరి చేతికి పోతుంది.

మరి పాలు తాగే పిల్లలు అంతసేపు ఏడవకుండా ఎట్లా ఉండేవారు? నల్లమందు. బొటనవేలి గోటికి కాస్త అద్ది నోట్లో పెడితే పిల్ల చప్పరించి పడుకునేది. సాలులో తల్లులందరూ చేసేదే. ఇళ్లలో మగవాళ్లకు మాత్రం ఆ ముక్క చెప్పేవారు కాదు. వసారాలో పిల్లలందరూ ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటే మున్షీ అటు తొంగి చూసి, "మీ పిల్లలు మస్తు బుద్దిమంతులే" అని మెచ్చుకునేవాడట. ఆ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలియదనుకునేంత అమాయకురాలిని కాను నేను.

మహమూదాకు అప్పుడు షాహెదా అని ఒక్కతే కూతురు, పాలు తాగే పిల్ల. భర్త దావూద్ వనపర్తి రోడ్డు స్టేషనుకు జట్కా తోలేవాడు. ఇంట్లో అత్త షంషాద్‌బీ ఉండేది. ఆ ముసలామెకు మోకాళ్ల నొప్పులు. నొప్పి తగ్గడానికి రోజూ ఇంత నల్లమందు మింగేది, నడుముకు ఒక చిన్న డబ్బీ దోపుకుని తిరిగేది. తల్లి తూగుతూ కూర్చోవడం చూసి చూసి దావూద్‌కు ఆ వస్తువంటేనే అసహ్యం.

"నా బిడ్డ నోట్ల ఆ నల్లది పడ్డదని తెలిస్తె, ఇంట్ల ఎవ్వరి మొఖం చూడ" అని పెళ్లానికీ తల్లికీ కలిపి చెప్పాడు. ఇద్దరూ సరేనన్నారు. మహమూదా మిల్లులో రోజూ పెడుతూనే ఉంది. పెట్టక ఏం చేస్తుంది? సాలులో చోటు పోతే జట్కా గుర్రానికి దాణా కూడా ఉండదు.

రంజాన్ నెల వచ్చింది. తెల్లవారకముందే సహరీ తిండికి ఇల్లంతా లేచేది, ఇంటితో పాటు పిల్లా లేచేది. ఇక పడుకునేది కాదు. ఉపవాసం ఉండి, పాలిచ్చి, పగలంతా చాట చెరిగి కోడలు ఎండిపోతున్నదని షంషాద్‌బీకి జాలి కలిగింది. ఆ రోజు సహరీ అయ్యాక కోడలు గిన్నెలు కడుగుతుంటే, ఏడుస్తున్న పిల్లకు తన డబ్బీలోంచి ఇంత నాకించింది. కొడుకు వద్దన్నాడు కాబట్టి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొద్దున మహమూదా నిద్రపోతున్న పిల్లను భుజానేసుకుని మిల్లుకు వచ్చింది. గోనెసంచి మీద పడుకోబెట్టేటప్పుడు పిల్ల కదిలింది. అలవాటు ప్రకారం గోటికి అద్ది నోట్లో పెట్టి తాను పోయి సాలులో కూర్చుంది.

సాయంత్రం తల్లులందరూ వచ్చి ఎవరి పిల్లలను వాళ్లు ఎత్తుకున్నారు. షాహెదా లేవలేదు. మా అమ్మ అప్పుడు నిండు చూలాలు, నేను కడుపులో ఉన్నాను. పిల్ల కాళ్లు పట్టుకుని చూసింది మా అమ్మే. చల్లగా ఉన్నాయి.

ఆడపిల్ల కాబట్టి ఇంట్లో ఆడవాళ్లే ఆఖరి స్నానం చేయించారు. కోడలు చెంబుతో నీళ్లు పోస్తుంటే అత్త ఒళ్లు తుడుస్తున్నది. తుడుస్తూ తుడుస్తూ ముసలామె కూలబడి గట్టిగా ఏడ్చింది.

"సహర్ల నేనే ఇంత నాకిచ్చిన, బిడ్డా. నీకు జర కునుకు పడ్తదని నాకిచ్చిన. నా చేతులు ఇరగ!"

దావూద్ గడప అవతలే ఉన్నాడు. విన్నాడు. మహమూదా చేతిలో చెంబు ఆగలేదు, నీళ్లు పోస్తూనే ఉంది. నేను కూడా పెట్టాను అన్న మాట నాలుక చివరికి వచ్చి ఆగిపోయింది. ఆగిన మాట ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. రోజు గడిచేకొద్దీ ఇంకా కష్టమైపోయింది.

దావూద్ తల్లితో మాట్లాడటం మానేశాడు. ఆమె వండింది ముట్టేవాడు కాదు. ఆమె మంచం ఎత్తి బయట పందిరి కింద వేశాడు. వీధిలో అందరి ముందూ, "నా బిడ్డను మింగిన మనిషి" అన్నాడు. షంషాద్‌బీ ఎదురు చెప్పలేదు. ఆ మాట నిజమని ఆమే నమ్మింది. మహమూదా మధ్యలో తలవంచుకుని ఇద్దరికీ అన్నం పెట్టింది. మనిషి మంచిదైతే చేసినవన్నీ మంచి పనులే అనుకునే రకం కాదు నేను. ఆ పందిరి కింది మంచం తలుచుకుంటే మహమూదా పెద్దమ్మ మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ కోపంతో పాటే ఏడుపూ వస్తుంది.

మళ్లీ మిల్లుకు వచ్చిన మహమూదా వేరే మనిషి. సాలులో కూర్చున్నదల్లా ఉన్నట్టుండి చెవి రిక్కించేది. అందరికీ మిషను చప్పుడు వినబడితే ఆమెకు వెనక వసారాలో చప్పుడు లేకపోవడం వినబడేది. బిడ్డ పోయిన మనిషని మున్షీ చూసీచూడనట్టు ఉంటే, చాట కిందపడేసి పరుగెత్తేది. వరసగా పడుకున్న పిల్లల పాదాలను ఒక్కొక్కరివీ గిల్లుకుంటూ పోయేది. పిల్లలు మత్తులోంచి లేచి కెవ్వుమనేవారు. చివరి పిల్ల అయిపోయాక పక్కన ఖాళీగా ఉన్న షాహెదా గోనెసంచి దగ్గర కూడా వంగేది. అక్కడ చేయి చాపి, గాలిలో కాసేపు అట్లాగే ఉంచి, వెనక్కి తీసుకునేది. ఆ సంచిని తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. దాని పక్కన పిల్లను పడుకోబెట్టడానికీ ఎవరూ ఒప్పుకునేవారు కాదు. పొద్దున వచ్చేసరికి ఆ సంచి మీద చిన్న గుంట పడి ఉంటుందని, ఎవరో పడుకుని లేచినట్టే ఉంటుందని చెప్పుకునేవారు. మా అమ్మ కూడా చూశానంది. నేను నమ్మను, కానీ మా అమ్మ అబద్ధాలాడే మనిషి కాదు.

తల్లులు మహమూదా మీద విరుచుకుపడ్డారు. "నీ బిడ్డ పోతె మా బిడ్డల పానాలు తీస్తవా? ఇవి లేసి ఏడిస్తె మున్షీ మమ్మల్ని ఎల్లగొడ్తడు!"

"మందు పెట్టకుండ్రి. మీ కాళ్లు మొక్కుత, పెట్టకుండ్రి. నేను చూస్కుంట అందర్ని."

"నీ బిడ్డనే చూస్కోలేదు, మా బిడ్డల్ని చూస్తవా?"



ఆ రోజుల్లోనే నేను పుట్టాను. ఇక ఆ వైభోగం చెప్పాలి. కడుపు కనబడితే చాట లాక్కుంటారని మా అమ్మ కొంగు అడ్డం చుట్టుకుని పనిచేసింది. నొప్పులు సాలులోనే మొదలయ్యాయి. పళ్లు బిగించుకుని ఇంటికి నడిచి వచ్చి నన్ను కన్నది. పురిటి స్నానం అయిందో లేదో, పచ్చి ఒంటితో నన్ను గుడ్డలో చుట్టుకుని మళ్లీ గేటు దగ్గర నిలబడింది. "నీ జాగల ఇంకొకామె కూసున్నది" అన్నాడు అనంతయ్య. ఒకామె జ్వరంతో రాకపోబట్టి ఆ చోటు దొరికింది, లేకపోతే అదీ లేదు.

వసారాలో పక్కామె నల్లమందు ముక్క అందించింది. మా అమ్మ గోటికి అద్దుకుంది కూడా. మహమూదా అడ్డం రాలేదు, అరవలేదు. గోడకు ఆనుకుని నిలబడి ఆ వేలు వైపు చూసింది. ఆ చూపుకు మా అమ్మకు చేయి ఆడలేదట. వేలు కొంగుకు తుడుచుకుని నన్ను మహమూదా చేతిలో పెట్టింది.

"అక్కా, నువ్వే చూస్కో."

మహమూదా నన్ను ఎత్తుకుంది. ఆ రోజు నుంచి సాలులో తన చోటు వదిలేసి వసారాలోనే కూర్చుంది. కూలి లేదు. మా అమ్మ తన సద్దిలోంచి జొన్నరొట్టె ముక్క పెట్టేది. ఒకరోజు రొట్టె తింటూ తింటూ మా అమ్మకు అంతా చెప్పేసింది. సహరీ, గోరు, చెంబు, పందిరి కింద మంచం, అన్నీ.

"చెప్పరాదక్కా మీ ఆయనకు?" అన్నది మా అమ్మ.

"చెప్తె ఎల్లగొడ్తడు. ఎల్లగొడ్తె పోత, గది కాదు సాయమ్మా. అత్త ముంగట నిలబడి చెప్పాలె గద. ఆమె నా మొఖం చూస్తది గద."

మా అమ్మ ఎవరికీ చెప్పలేదు. నేను మందు లేకుండానే కళ్లు తెరిచి ఆడుకోవడం చూసి ఇంకో తల్లి పిల్లను ఇచ్చింది, ఆ తర్వాత ఇంకొకామె. చివరికి అందరూ ఇచ్చారు. అక్కడే అసలు తంటా మొదలైంది. మందు లేని పిల్లలు ఆకలేస్తే ఊరుకుంటారా? ఒకరు మొదలుపెడితే అందరూ అందుకునేవారు. ఆ ఏడుపు మిషను చప్పుడును దాటి సాలులోకి వచ్చేది. వినగానే తల్లులకు పాలు చేపి రవికెలు తడిసిపోయేవి, చాట పట్టిన చేతులు ఆగిపోయేవి. ఒక్కొక్కరూ నీళ్లకని వంక పెట్టి వసారాకు పరుగెత్తేవారు.

అనంతయ్యకు కోపం వచ్చింది. ఒక మధ్యాహ్నం కొట్టానికీ వసారాకూ మధ్య తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

తలుపు అవతల పిల్లలు గుక్కపట్టారు. ఇవతల కాసేపు చాటలు ఆడాయి. ముందు మా అమ్మ చాట కింద పెట్టింది. పక్కామె పెట్టింది. సాలంతా ఆగింది. ఎవరూ లేవలేదు, అరవలేదు, ఊరికే కూర్చున్నారు. మిషను నుంచి గింజా పొట్టూ కలిసి వచ్చి గుట్టపడి, ఆ గుట్ట మిషను నోటిదాకా పెరిగింది. ఆపక తప్పలేదు. బయట బండ్లవాళ్లు గోల పెట్టారు. మిల్లు యజమాని సేటు ధోవతి చెంగు పట్టుకుని పరుగున వచ్చాడు.

తాళం తీయించేసరికి గడపలో మహమూదా నిలబడి ఉంది. రెండు చంకల్లో ఇద్దరు పిల్లలు, కాళ్ల దగ్గర ఇంకొకరు.

"ఏందీ లొల్లి?" అన్నాడు సేటు. "వీళ్ల నోర్లు మూయించరా?"

"మూయించొచ్చు సేటూ. మందన్న పెట్టాలె, పాలన్న ఇయ్యాలె. మందు పెడితె ఎట్లయితదో నాకు ఎరుకే. పాలియ్యాల్నంటె నడిమిట్ల తల్లులను లెవ్వనియ్యి. ఏదో ఒకటి నువ్వే చెప్పు, అందరు ఇంటుండ్రు."

సేటు ధర్మాత్ముడేమీ కాదు. గేటు బయట బండ్ల బారు చూశాడు. అంతే. ఆ రోజు నుంచి పగలు రెండుసార్లు గంట కొట్టి తల్లులను పాలివ్వడానికి వదిలేవారు. మహమూదాకు కూడా కూలి కట్టారు. ఆమె అక్కడితో ఆగలేదు. పురిటికి పోయిన ఆమె చాటను సాలులో ఆమె చోటులోనే బోర్లించి పెట్టాలని, ఆమె తిరిగి వచ్చేదాకా ఇంకెవరూ దాన్ని తిరగెయ్యకూడదని పట్టుబట్టింది. అనంతయ్య గొణిగాడు కానీ ఆడవాళ్లు ఆ కట్టును నిలబెట్టారు. బోర్లించిన చాటను దాటిపోయేటప్పుడు కూడా చీర అంచు తగలకుండా జాగ్రత్తగా నడిచేవారట.

ఖాళీ గోనెసంచి మీద కూడా పిల్లల్ని పడుకోబెట్టారు, ఎందుకంటే చోటు చాలలేదు. మహమూదా ఒక్కతికీ అంతమంది పిల్లలతో ఊపిరి ఆడటం లేదు.

అట్లాంటి ఒక పగలు, పాల గంట కొట్టి తల్లులందరూ వసారాలో ఉండగా, కర్ర పోటేసుకుంటూ షంషాద్‌బీ వచ్చింది. ఎంత చిక్కిపోయిందంటే మా అమ్మ మొదట గుర్తుపట్టలేదు.

"బిడ్డా, పందిరి కింద ఒక్కదాన్ని కూసోలేకపోతున్న" అన్నది కోడలితో. "నీకు ఆసరగుంట. ఊపుత, ఆడిపిస్త. ఒక్క పిల్లనియ్యి."

తల్లులు గబుక్కున పిల్లల్ని పొదువుకున్నారు.

"ఆమెకా! మనుమరాలిని సంపుకున్నామెకు మా పిల్లల్నిస్తమా?"

ఆ మాట మహమూదాకు ఒకప్పుడు తగిలిన మాటే. ముసలామె కర్ర కింద పెట్టి, రెండు చేతులూ వాళ్ల ముందు చాపింది. గోళ్లు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. "డబ్బి ఆ దినమే పారేసిన తల్లీ. మోకాళ్లు పట్టుకపోయినా మల్ల ముట్టలే. కావాల్నంటె ఎతుక్కోండ్రి" అని నడుము చూపించింది.

అప్పుడే జట్కా ఆపి దావూద్ లోపలికి వచ్చాడు. తల్లి అటు పోయిందని ఎవరో చెప్పి ఉంటారు. "ఎవరు రమ్మన్నరు నిన్ను? నడువు" అన్నాడు. తల్లి మొహం కూడా చూడకుండా అన్నాడు.

మహమూదా చేతుల్లో నేను ఉన్నాను. ముసలామె కర్ర కోసం వంగింది, అందడం లేదు, తడుముకుంటున్నది. కొడుకు అందివ్వలేదు.

"ఆమెను ఏమనకు" అన్నది మహమూదా. మళ్లీ గట్టిగా అన్నది. "ఆమెను ఏమనకు. ఆ పొద్దు నేను గూడ పెట్టిన."

మహమూదా నన్ను భుజానికి ఎత్తుకుంది.

"దినాం పెడుతుంటి. నీకు పెట్టనని చెప్పి పెడుతుంటి. సహర్ల అత్త పెట్టింది నాకు తెల్వదు, ఈడ నేను పెట్టింది అత్తకు తెల్వదు. ఒక్కరు పెడితె లేసేది నా బిడ్డ."

దావూద్ పెళ్లాం వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. కొడతాడేమోనని మా అమ్మ ముందుకు వచ్చింది. అతను గడప మీదే కూర్చుండిపోయాడు.

షంషాద్‌బీ కర్ర వదిలేసి గోడ పట్టుకుని లేచింది. కోడలి దగ్గరికి వచ్చింది. తిట్టలేదు, చేయెత్తలేదు. మహమూదా అంతకాలం భయపడ్డట్టే, తలెత్తి కోడలి మొహంలోకి చూసింది.

"ఇన్నొద్దులు నన్నొక్కదాన్నే మోయనిస్తివి గదనే" అన్నది.

మహమూదా పెద్దమ్మ నన్ను ఆమె చేతుల్లో పెట్టింది.

"అవునత్తా," అన్నది, "మోయనిచ్చిన."